మక్కెనపాడు పత్తిచేలు

సంజీవరావు చెయ్యి వణకడం మొదటిసారి నలుగురిలో బయటపడింది చర్చిలో, ప్రభు బల్ల దగ్గర. మోకరించి అందుకున్న చిన్న గాజు గిన్నె పెదవుల దాకా రాకముందే ద్రాక్షరసం తెల్లచొక్కా మీద ఒలికింది. పక్కనే మోకరించిన పున్నమ్మ కొంగుతో తుడిచి, "రాత్రి సరిగ్గా నిద్ర లేదండీ ఆయనకి" అని పాస్టరుగారికి సర్దిచెప్పింది. ఇంటిదారి పట్టాక మాత్రం గట్టిగానే అడిగింది.

"ఎన్నాళ్ళనించి వణుకుతోందయ్యా ఆ చెయ్యి?"

"ఏదో నీరసంలే."

"నీరసమైతే రెండు చేతులూ వణకాలిగదా. అదొక్కటే ఎందుకు వణుకుద్ది?"

ఆయనకు చొక్కా గుండీలు పెట్టుకోవడానికి అప్పటికే చాలాసేపు పడుతోంది. సంతకం చేస్తే అక్షరాలు చీమల్లా చిన్నవైపోతున్నాయి. నడుస్తుంటే ఎడమకాలు నేలను రాసుకుంటోంది. వయసు మీద పడితే ఇంతేలే అనుకుని ఇవేవీ ఎవరికీ చెప్పలేదు.

కూతురు శాంతి ప్రత్తిపాడులో టీచరు. తల్లి ఫోను చెయ్యగానే బడికి సెలవు పెట్టి వచ్చి, తండ్రిని గుంటూరులో నరాల డాక్టరు ఉదయశ్రీ దగ్గరకు తీసుకెళ్ళింది. డాక్టరు ఆయన్ని వేళ్ళు తెరిచి మూయమంది. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు నడవమంది. తర్వాత కుర్చీ దగ్గరకు లాక్కుని నిదానంగా చెప్పింది.

"ఇది పార్కిన్సన్స్ అండీ. పూర్తిగా నయమయ్యేది కాదు. అలాగని ఇప్పటికిప్పుడు భయపడాల్సిందీ కాదు. మందులు వాడుతూ దీంతో కలిసి బతకడం నేర్చుకోవాలి."

పున్నమ్మ అక్కడే ఏడ్చేసింది. సంజీవరావు ఏడవలేదు. ఏడుపు వచ్చేంత ఉత్సాహం కూడా ఆయనలో అప్పటికి మిగల్లేదు. రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చిన్న చిన్న స్టేషన్లన్నీ తిరిగి, రిటైరయి నల్లపాడులో పట్టాల పక్కన కట్టుకున్న ఇంటికి చేరాక, ఆయన కొన్నాళ్ళు వరండాలో కూర్చుని వెళ్ళే ప్రతి బండినీ పలకరించినట్టు చూసేవాడు. ఫలానాది లేటు, ఫలానాదానికి ఇంజను మార్చారు అని పున్నమ్మకు చెప్పేవాడు. తర్వాత తర్వాత అదీ మానేశాడు. ఇంటి ముందునుంచి బండి పోతున్నా తల తిప్పేవాడు కాదు. పున్నమ్మకు ఆయన చెయ్యి వణకడం కంటే ఆ తల తిప్పకపోవడమే ఎక్కువ బాధగా ఉండేది.

మాత్రలు మొదలుపెట్టిన కొద్ది రోజులకే మనిషిలో మార్పు వచ్చింది. చెయ్యి నిలబడింది. గుండీలు తనే పెట్టుకుంటున్నాడు. ఒకరోజు పొద్దున్నే స్టూలు ఎక్కి బీరువా మీద ఉన్న అట్టపెట్టె దించాడు. రిటైరయిన రోజున తోటివాళ్ళంతా కలిసి ఇచ్చిన బొమ్మరైలు సెట్టు అది. ఇంజను, నాలుగు పెట్టెలు, గుండ్రంగా అమర్చుకునే పట్టాలు. అన్నేళ్ళూ సీలు కూడా విప్పలేదు.

"పిల్లల ఆట ఆడుకుంటావా ఏంది ఇప్పుడు?" అంది పున్నమ్మ నవ్వుతూ.

"ఆట కాదే. మక్కెనపాడు కడతా."

మక్కెనపాడు ఆయన మొదటి పోస్టింగు. ఒక ప్లాట్‌ఫారం, రెండు లైన్లు, అటూ ఇటూ కనుచూపు మేర పత్తిచేలు, మిరపతోటలు. పగలు రెండు పాసింజర్లు, మిగతాదంతా ఎండ. పెళ్ళయిన కొత్తలో పున్నమ్మ కూడా అక్కడే కాపురం పెట్టింది. ఆ పేరు వినగానే ఆమె మొహం విచ్చుకుంది. వడ్రంగిని పిలిపించి ముందుగది నిండా పట్టే బల్ల చేయించడానికి ఆమె ఏ అడ్డూ చెప్పలేదు. గుమ్మంలోంచి పట్టదని గదిలోనే బిగించారు దాన్ని. తన పాత మిక్సీ కూడా ఇచ్చేసింది. సంజీవరావు స్పాంజి ముక్కలను అందులో రవ్వలా ఆడించి, ఆకుపచ్చ రంగు కలిపి, ఎండబెట్టి, చెట్ల ఆకులు చేశాడు. ఎండిన కందికంప రెమ్మలు మానులయ్యాయి. థర్మాకోల్ మీద కాగితాలు అతికించి, మైదా జిగురు పూసి, కాలువగట్టు లేపాడు. నల్లరేగడి రంగు కుదరక బొగ్గుపొడిలో ఎర్రమట్టి కలిపి, మళ్ళీ మార్చి, మళ్ళీ మార్చి, చివరికి వానకు తడిసి ఆరిన నేలలా తెప్పించాడు.

మిరపకాయలు ఆరబోసే కల్లం చేసేటప్పుడు ఇంట్లో పెద్ద గోలే అయింది. నిజమైన కారమే చల్లితే రంగు బాగుంటుందని జిగురు మీద చల్లాడు. అది ఆరడానికి ఫ్యాను వేశాడు. అంతే, ఇల్లంతా దగ్గు. పక్కింట్లో మిషను కుట్టుకునే కరీమున్ కూడా ముక్కు మూసుకుని బయటకొచ్చి, "ఏం వేయిస్తున్నావొదినా?" అని అరిచింది. పున్నమ్మ కళ్ళవెంట నీళ్ళు కారుతుండగా నవ్వింది. సంజీవరావు కూడా నవ్వాడు. ఆయన గొంతెత్తి నవ్వి ఎన్నాళ్ళయిందో ఇద్దరికీ గుర్తులేదు. తర్వాత ఇటుకపొడికి ఎర్రరంగు పట్టించి కల్లం పూర్తిచేశాడు.

అప్పట్లో పున్నమ్మ రాత్రి ప్రార్థనలో ఆ మాత్రల కోసం కూడా దేవుడికి స్తోత్రం చెప్పేది.

తర్వాత పత్తిచేను మొదలైంది.

చీపురుపుల్లను గోరంత ముక్కలు కోసి, జిగురులో ముంచి, స్పాంజి రవ్వలో దొర్లించి, కొసలకు ఆవగింజంత దూది అద్దితే ఒక పత్తిమొక్క. పట్టకారుతో పట్టుకుని నేలలో గుచ్చితే అయిపోయినట్టు. మొదట ఒక మడి వేశాడు. చాలా ముచ్చటగా వచ్చింది. పాత స్నేహితుడు తోమా చూసి, "ఒరేయ్, పత్తి తీతకొచ్చిందిరా, కూలీలను పిలువు" అని మెచ్చుకున్నాడు. తోమా మక్కెనపాడులో టికెట్లు ఇచ్చినవాడే. ఆ మెప్పుతో సంజీవరావు ఇంకో మడి వేశాడు. ఆ పక్కన ఇంకోటి. సాలు వంకరగా ఉందని పీకి మళ్ళీ నాటాడు. నాటినది బాగానే ఉన్నా దూది ఎక్కువైందని మళ్ళీ పీకాడు.

కాఫీ పెడితే చల్లారిపోయేది. అన్నం పళ్ళెం బల్ల అంచున పెడితే ఈగలు ముసిరేవి. స్నానం చెయ్యమంటే "ఈ సాలు కానియ్" అనేవాడు. ఆదివారం పున్నమ్మ చీర కట్టుకుని గుమ్మంలో నిలబడితే, "నువ్వు పోయిరా" అన్నాడు. మరుసటి ఆదివారం ఆ మాట కూడా అనలేదు. నిద్ర కూడా బాగా తగ్గిపోయింది. పున్నమ్మకు మెలకువ వచ్చినప్పుడల్లా ముందుగదిలో లైటు వెలుగుతూనే ఉండేది.

"మనిషితో మాట్లాడి ఎన్నాళ్ళయిందయ్యా నువ్వు?" అంది ఒకనాడు ఆమె, బల్లకు అవతలి వైపు నిలబడి.

"మాట్లాడుతూనే ఉన్నాగా."

"నాతో కాదు. ఆ చీపురుపుల్లలతో మాట్లాడుతున్నావు. ఇంతకుముందు గోడని చూస్తా కూచునేవాడివి, ఇప్పుడు దీన్ని చూస్తా కూచుంటున్నావు. నాకేం తేడా?"

సంజీవరావు తల ఎత్తలేదు. ఆమె మాట చెవిన పడింది, అర్థమూ అయింది. కానీ చేతిలో జిగురు ఆరిపోతోంది. జిగురు ఆరకముందు మొక్క గుచ్చాలి. ప్రపంచంలో అంతకంటే ముఖ్యమైన పని లేదన్నట్టు ఉండేది ఆయనకు. గుచ్చగానే లోపల ఒక తీపి కదిలేది. ఆ తీపి తగ్గకముందే ఇంకో మొక్క కావాలి.

దానికి అడ్డు ఒక్కటే. మాత్ర పట్టు వదిలినప్పుడు వేళ్ళు కొయ్యముక్కల్లా బిగుసుకునేవి. నాటబోయిన మొక్క పక్కమొక్కను పడగొట్టేది. మళ్ళీ మాత్ర వేళయ్యేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎండిపోతున్న జిగురును చూస్తూ కూర్చోవాలి. ఒకరోజు ఓర్చుకోలేక వేళ కాకముందే సగం మాత్ర వేసుకున్నాడు. చెయ్యి తిరిగి వచ్చింది. మర్నాడు సగం చాల్లేదు. మందుల చీటీ ఎటూ ఆయన దగ్గరే ఉంది. ఒక షాపులో రెండుసార్లు అడిగితే అనుమానిస్తారని వేర్వేరు షాపులకు వెళ్ళాడు. ఆ నడక, ఆ ఎండ, కాలు ఈడ్చుకుంటూ రోడ్డు దాటడం, ఏదీ ఆయనకు కష్టమనిపించలేదు.

కొన్నాళ్ళకు మెడా భుజాలూ వాటంతటవే ఊగడం మొదలుపెట్టాయి. "ఏందయ్యా ఆ ఊగుడు?" అని పున్నమ్మ భయపడితే, "మందు పనిచేస్తోంది" అన్నాడు.

మనుషులు కనపడింది ఆ రోజుల్లోనే.

ఆయన మక్కెనపాడుకి మనుషుల్ని చెయ్యలేదు. అంత చిన్న మనిషిని చెయ్యడం తన చేతకాదని ముందే వదిలేశాడు. అయినా ఒక మధ్యాహ్నం తల ఎత్తేసరికి, ఎర్రటి కల్లంలో ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. తలలకు తువ్వాళ్ళు చుట్టుకుని, రంగు పోయిన తాలుకాయలు ఏరి పక్కన పోస్తున్నారు. బియ్యపుగింజంత చేతులు కదులుతున్నాయి. ఆయనకు భయం వెయ్యలేదు. ఊపిరి బిగబట్టి చూశాడు. అందరిలోకీ చివర కూర్చున్నామె ఎడమభుజం కొంచెం వంగి ఉంది. అది ఏనాడో చనిపోయిన తన తల్లి.

తల్లి జీవితమంతా కూలిపనే చేసింది. కొడుకు స్టేషన్ మాస్టరయ్యాక కూడా మానలేదు. మక్కెనపాడులో ఉన్నప్పుడు ఒక ఏడు ఆమె మిరపకోతలకు ముఠాతో స్టేషను పక్క చేలోకే వచ్చింది. మధ్యాహ్నం ముఠా అంతా ప్లాట్‌ఫారం మీద కానుగచెట్టు నీడన సద్ది తినేవాళ్ళు. లోపలికొచ్చి ఫ్యాను కింద కూర్చోమ్మా అని ఆయన ఎంత పిలిచినా వచ్చేది కాదు. "నీ ఆఫీసు నీది, నా కూలి నాది. కారం చేతులతో నీ కుర్చీలు ముట్టుకోమంటావా?" అనేది. ఆ ముసలిది ఇప్పుడు ఆయన బల్ల మీద, అరచేతి వెడల్పు కల్లంలో కూర్చుని తాలు ఏరుతోంది.

ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. చెబితే పోతుందేమోనని. అప్పట్నుంచి చేను ఇంకా పెద్దదవ్వాలనిపించింది.

మళ్ళీ వచ్చిన తోమా ఈసారి మెచ్చుకోలేదు. బల్ల చుట్టూ తిరిగి చూశాడు. "ఒరేయ్ సంజీవా, స్టేషనేదిరా? సిగ్నలేది? రైలు ఒక్కసారన్నా నడిపావా?"

"చేను అవనీరా."

"అవనీయడమేందిరా, పట్టాల మీద కూడా నాటావు గదరా!"

నిజమే. ప్లాట్‌ఫారం కోసం వదిలిన చోటంతా పత్తే. రెండు పట్టాల మధ్య కూడా సాళ్ళు సాళ్ళుగా పత్తి. రైలు అడుగు వేసే సందు లేదు. సంజీవరావు అటు చూశాడు, తోమా మొహం చూశాడు, మళ్ళీ పట్టకారు అందుకున్నాడు. తోమా వెళ్తూ వెళ్తూ వంటింట్లోకి తొంగిచూసి, "చెల్లెమ్మా, వీణ్ణి ఒకసారి డాక్టరుకి చూపించు" అన్నాడు. "ఎల్లుండి శాంతి వస్తోందన్నయ్యా, తీసుకెళ్తాం" అంది పున్నమ్మ.

ఆ ఎల్లుండి రాలేదు. మర్నాడే, పొద్దెక్కిన వేళ, పెరట్లో బట్టలుతికే బండ దగ్గర పున్నమ్మ జారి పడింది.

"ఏవయ్యా!" అని కేక వేసింది.

సంజీవరావుకి వినపడింది. "వస్తన్నా" అన్నాడు. ఆ సాలులో ఇంకా కొన్ని మొక్కలే మిగిలాయి. జిగురు తడిగా ఉంది. అవి గుచ్చి లేద్దామనుకున్నాడు. గుచ్చాడు. సాలు పూర్తయింది. పక్క సాలు మొదట్లో ఒక మొక్క వాలి ఉంది. దాన్ని సరిచేశాడు. దాన్ని సరిచేస్తే దాని పక్కది సరిగ్గా లేదు. మళ్ళీ కేక వినపడింది, ఈసారి సన్నగా. "ఆఁ, వస్తన్నా" అన్నాడు మళ్ళీ. కల్లంలో ఆడవాళ్ళు పని ఆపి తలలెత్తి చూశారు. తర్వాత వాళ్ళూ తలలు దించుకుని తమ పనిలో పడ్డారు.

ఎంతసేపయిందో ఆయనకు తెలియదు. పెరటి గోడ మీదుగా చూసిన కరీమున్ గొల్లుమని పరుగెత్తుకొచ్చి, ముందుగది గుమ్మంలో నిలబడి, "అన్నయ్యా! వొదిన నీళ్ళల్లో పడుంటే ఇక్కడ ఏం చేస్తున్నావన్నయ్యా!" అని అరిచినప్పుడు కూడా, ఆయన చేతిలో పట్టకారు, దాని కొసన ఒక మొక్క ఉన్నాయి.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. షుగరు ఉండడంతో పుండు మానలేదు, రోజుల తరబడి ఆస్పత్రిలోనే ఉంచారు. మళ్ళీ నడుస్తుందా అంటే, చూద్దాం అన్నారు.

శాంతి ఆస్పత్రి వరండాలో తల్లి మంచం పక్కన కూర్చుని అడిగింది. "నువ్వు కేకెయ్యలేదా అమ్మా? నాన్న ఇంట్లోనే ఉన్నాడు గదా."

పున్నమ్మ పైకప్పు వంక చూస్తూ, "వేశానమ్మా. పంపు మోతలో ఆయనకి వినపడలా" అంది.

మంచానికి అటువైపు స్టూలు మీద సంజీవరావు కూర్చుని ఉన్నాడు. పంపు కట్టేసి ఉందన్న సంగతి ఆయనకు తెలుసు. పున్నమ్మకూ తెలుసు. ఆమె ఆయన వైపు చూడలేదు.

తల్లి బట్టల కోసం ఇంటికి వెళ్ళిన శాంతికి బల్ల కింద ఖాళీ మాత్రల అట్టలు దొరికాయి. ఒక సంచి నిండా ఉన్నాయి. వాటిని అలాగే డాక్టరు ఉదయశ్రీ బల్ల మీద బోర్లించింది. డాక్టరు ఒకటొకటిగా తిప్పి చూసి లెక్కపెట్టింది.

"సంజీవరావుగారూ, నేను రాసింది ఎంత, మీరు వేసుకున్నది ఎంత?"

"చెయ్యి పనిచెయ్యడం కోసమేనమ్మా."

"చెయ్యి ఒక్కటే కాదండీ పనిచేసింది. ఈ మందు మెదడులో ఉత్సాహం పుట్టే చోట కూడా పనిచేస్తుంది. మోతాదు మించితే కొందరికి పేకాట పిచ్చి పడుతుంది. కొందరు అక్కర్లేనివన్నీ కొంటూనే పోతారు. కొందరు ఒకే పని పట్టుకుని వదలరు. విప్పిన రేడియోనే విప్పుతారు, బిగిస్తారు, మళ్ళీ విప్పుతారు. మీకు అది పత్తిచేను మీద పడింది." ఆవిడ శాంతి వైపు తిరిగింది. "మీ నాన్నగారి తప్పు కాదమ్మా ఇది. మొదట్లోనే ఇలాంటివి గమనించమని మీకు ఇంకా గట్టిగా చెప్పాల్సింది నేను."

సంజీవరావు కాసేపు తన మోకాళ్ళ వంక చూసుకున్నాడు. "మరి ఆ మనుషులో?" అన్నాడు.

"ఏ మనుషులు నాన్నా?" శాంతి ఉలిక్కిపడింది.

ఆయన చెప్పాడు. కల్లం గురించి, తాలుకాయల గురించి, తల్లి భుజం గురించి. శాంతి చేత్తో నోరు మూసుకుంది. డాక్టరు మాత్రం మధ్యలో ఆపకుండా అంతా విని, "అదీ మందు వల్లేనండీ. తగ్గిస్తే పోతారు వాళ్ళు" అంది.

"పోవాలా?"

"పోవాలండీ."

మాత్రలు శాంతి చేతికి వెళ్ళాయి. ఆమె బదిలీ కోసం ప్రయత్నిస్తూ, ఈలోగా నల్లపాడు నుంచే ప్రత్తిపాడు బడికి వెళ్ళివస్తోంది. మోతాదు మెల్లమెల్లగా తగ్గించారు. మొదట ఆడవాళ్ళు మసకయ్యారు. తర్వాత ఒకరొకరే రావడం మానేశారు. తల్లి చివరిదాకా ఉంటుందని ఆయన ఆశపడ్డాడు. అదేం జరగలేదు. ఒకరోజు చూస్తే కల్లంలో ఇటుకపొడి తప్ప ఏమీ లేదు.

ఆ తర్వాత పోయింది కోరిక. అది పోతుందని ఆయన అనుకోలేదు. చెయ్యి వణుకుతుంది, కాలు లాగుతుంది, వీటికి సిద్ధపడ్డాడు. చేతనైనప్పుడే ఒక మొక్క, రెండు మొక్కలు నాటుకుంటాలే అనుకున్నాడు. కానీ బల్ల దగ్గరకు వెళ్ళి కూర్చుంటే, ఎందుకు కూర్చున్నాడో తెలిసేది కాదు.

పున్నమ్మ ఆస్పత్రి నుంచి వచ్చి లోపలిగదిలో మంచాన పడుంది. ఆయన రోజంతా గుమ్మం పక్క కుర్చీలో కదలకుండా కూర్చోవడం ఆమెకు కనపడుతూనే ఉంది. ఒకనాడు తనే అంది.

"పొయ్యి ఆ బల్ల దగ్గర కూచోరాదూ. డాక్టరమ్మ కొంచెంసేపు చేసుకోవచ్చందిగా."

"చెయ్యాలని లేదు పున్నా."

"చెయ్యి నొప్పా?"

"చెయ్యి కాదు."

ఆమె బలవంతం మీద లేచి వెళ్ళాడు. పట్టకారు అందుకున్నాడు. అది వణికి బల్ల అంచుకు టకటకా కొట్టుకుంది. రెండో చేత్తో దాన్ని ఆపి, చేనువైపు చూశాడు. చీపురుపుల్లలు. పచ్చరంగు పూసిన స్పాంజి. దూది మీద దుమ్ము పట్టి బూడిదరంగులోకి తిరిగింది. మక్కెనపాడు ఎక్కడా లేదు. ఎప్పుడైనా ఉందా అని వెతికాడు. నేల రంగు కుదిరిన రోజున తను ఎంత సంబరపడ్డాడో గుర్తుంది. సంబరపడ్డాననే గుర్తుంది, సంబరం మాత్రం గుర్తుకు రాలేదు.

తర్వాతిసారి డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు, శాంతి బయట మందులు తీసుకుంటున్న సమయం చూసి అడిగాడు. "అమ్మా, ఒక్కమాట. ఆ ఇష్టం నాదా? మందుదా?"

ఉదయశ్రీ కలం పక్కన పెట్టింది. "మీకు రైళ్ళంటే ముందునుంచీ ఇష్టమేగదండీ. మొత్తం మందుదని నేననను."

"మొత్తం నాదని కూడా అనలేవు గదమ్మా."

ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు. "అనలేనండీ" అంది.

ఆయన తల ఊపాడు. ఆయన మొహం ఆ జబ్బుతో అప్పటికే బిగుసుకుపోయింది. అందులో ఏ కదలికా లేకపోవడం చూసి, తేలిగ్గానే తీసుకున్నాడనుకుంది డాక్టరు. ఇంటికొచ్చే ఆటోలో ఆయన ఆలోచిస్తూ వచ్చాడు. అంతకుముందు గోడను చూస్తూ కూర్చున్నవాడు జబ్బు మనిషి. నవ్వుతూ రంగులు కలిపినవాడు మందు మనిషి. ఈ రెండూ కాని సంజీవరావు ఎక్కడో ఒకడు ఉండాలిగా. వాణ్ణి చివరిసారి చూసిందెప్పుడో ఎంత తడుముకున్నా తెలియలేదు.

పున్నమ్మ నడుముకింద పుండు పడడం మొదలైంది. లోపలిగదిలో గాలి ఆడదు, ఆస్పత్రి మంచం పట్టదు. ముందుగదే దిక్కని ఇంటికొచ్చి ఫిజియోథెరపీ చేయించే ఆమె చెప్పింది. బల్ల తీసెయ్యాలన్న మాట తండ్రితో ఎలా అనాలో తెలియక శాంతి రెండు మూడు రోజులు నలిగింది. చివరికి తోమా అన్నాడు. చర్చి పక్కన సండేస్కూలు గది ఖాళీగా ఉంది, బల్లని అక్కడ పెడితే పిల్లలు చూసుకుంటారు, నీకు చూడాలనిపిస్తే నేను తీసుకెళ్తాను అని.

"తీసుకుపోరా" అన్నాడు సంజీవరావు.

వడ్రంగి వచ్చి గుమ్మం కొలిచాడు, బల్ల కొలిచాడు. "సగానికి కొయ్యాల్సిందే సార్. ఎక్కడ కొయ్యమంటారు?"

"ఎక్కడైనా పర్లేదు."

"అట్టా అంటే ఎట్టా సార్? ఇంత కష్టపడి చేశారు. పాడవకుండా ఏ పక్క కొయ్యాలో మీరే చెప్పండి."

సంజీవరావు లేచి వచ్చి, వణికే వేలితో అడ్డంగా ఒక గీత చూపించాడు. చూపించాక గాని తోమా గమనించలేదు, అది సరిగ్గా కల్లం మీదుగా పోతోందని. "ఇటు కొయ్యిరా, పట్టాల పక్కనుంచి" అన్నాడు తోమా కంగారుగా. సంజీవరావు "నీ ఇష్టం" అని కుర్చీలోకి వెళ్ళిపోయాడు.

రంపం పడింది. థర్మాకోల్ కీచుమంది. కోసిన చోట పత్తిమొక్కలు కుప్పలుగా రాలాయి. లోపలి మంచం మీద పున్నమ్మ పమిట నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఆ బల్ల తనను మంచాన పడేసిందని తెలిసి కూడా ఏడుస్తోంది. సంజీవరావు చూస్తున్నాడు. నొప్పి కలుగుతుందేమోనని ఎదురుచూశాడు. కలగాలని గట్టిగా కోరుకున్నాడు. ఒక్క చుక్క నొప్పి వస్తే చాలు, ఆ పనిలో తను కూడా ఉన్నట్టే. కళ్ళు పొడిగానే ఉన్నాయి. వడ్రంగీ తోమా రెండు ముక్కల్నీ ఆటో మీద కట్టి తీసుకెళ్ళిపోయారు. రాలిన మొక్కల్ని కరీమున్ వచ్చి ఊడ్చి చాటలోకి ఎత్తింది. "ఇవేం చెయ్యనన్నయ్యా?" అంటే, "పారెయ్యమ్మా" అన్నాడు.

మర్నాడు ముందుగదిలో పున్నమ్మ మంచం వేశారు. శాంతి తల్లిని అందులో పడుకోబెట్టి, తండ్రికి మాత్ర ఇచ్చి, బడికి వెళ్ళింది. గదిలో వాళ్ళిద్దరే మిగిలారు. కిటికీలోంచి ఎండ పడుతోంది. పున్నమ్మ ఆయన వైపు తల తిప్పింది.

"నువ్వు వస్తన్నా అన్నావు చూడూ," అంది. గొంతులో కోపం లేదు. "ఆ మాట వినపడింది నాకు. అందుకే మళ్ళీ గట్టిగా అరవలేదు. వస్తన్నాడుగా అని ఊరుకున్నా. కరీమున్‌ని పిలిస్తే నీకు నామోషీగా ఉంటుందని పిలవలేదు."

సంజీవరావు ఏదో అనాలని నోరు తెరిచాడు. మాట మెల్లగా, సన్నగా, నాలుక మీదే ముడిపడింది. "మందు..." అన్నాడు.

"తెల్సులే. డాక్టరమ్మ చెప్పింది." ఆమె దుప్పటి అంచు లాక్కుంది. "మందే అనుకుంటా. అనుకోక ఏం చేస్తాను. మందే అని రోజూ అనుకుంటా."

తర్వాత వాళ్ళ మధ్య ఆ మాట మళ్ళీ రాలేదు. ఇక ఎప్పటికీ రాదని ఆయనకు తెలుసు.

పొద్దు తిరిగాక ఆమెకు బాత్‌రూముకి వెళ్ళాల్సి వచ్చింది. సాయానికి కరీమున్‌ని పిలుద్దామంటే మిషను చప్పుడు లేదు, బజారుకు పోయినట్టుంది. సంజీవరావు వాకరు తెచ్చి మంచం పక్కన పెట్టాడు. ఆమె రెండు చేతులతో దాన్ని పట్టుకుంది. ఆయన ఆమె చంకల కింద చేతులు వేసి లేపబోయాడు. సగం లేచింది. అప్పుడే ఆయన కాళ్ళు నేలకు అతుక్కుపోయినట్టు బిగుసుకున్నాయి. ముందుకూ పడవు, వెనక్కీ పడవు. ఒళ్ళంతా వణుకు పట్టింది. ఆ వణుకు ఆమెలోకీ, ఆమె పట్టుకున్న వాకరులోకీ పాకింది.

"కూచోబెట్టు, కూచోబెట్టు, ఇద్దరం పడతాం" అంది పున్నమ్మ.

ఎలాగో మంచం అంచుకు ఒరిగారు. ఆమె చీర తడిసిపోయింది. ఆ తడి పక్కగుడ్డ మీదుగా ఆయన పంచెకు కూడా తాకింది. ఆమె తల పక్కకు తిప్పుకుంది. ఆయన లేచి పొడిచీర తెద్దామనుకున్నాడు. కాలు లేవలేదు. మాత్ర వేళకు ఇంకా చాలా టైముంది, మాత్రలు శాంతి బీరువాలో ఉన్నాయి, తాళం ఆమె బ్యాగులో ఉంది.

బయట గూడ్సు బండి ఒకటి గుంటూరు వైపు పోయింది. చాలా పొడుగు బండి. ఎండ కిటికీ దాటి గోడ మీదికి ఎక్కింది. శాంతి బడి నుంచి వచ్చి గొళ్ళెం తీసేదాకా, తడిసిన మంచం అంచున ఇద్దరూ అలాగే కూర్చుని ఉన్నారు.